మబ్బులో ఐదు చుట్లు

చెవి మళ్లీ అబద్ధమాడుతోంది, విమానం ఎడమవైపుకి ఒరిగిపోతోందని ఒకటే గోల, ఒరగలేదు, రెక్కలు సమంగానే ఉన్నాయి, ఎదురుగా గుండ్రటి అద్దం వెనక సగం నీలం, సగం మట్టిరంగు, ఆ రెంటి మధ్య గీత మీద బొమ్మ విమానం కుదురుగా కూర్చుని ఉంది, నమ్మాల్సింది దాన్ని, పదహారేళ్లుగా ఆసుపత్రిలో జనం చెవులు పరీక్షిస్తున్న మనిషికి ఈ సంగతి ఇంకొకరు చెప్పాలా, లోపలి చెవిలో సన్నని గొట్టాలు మూడు, వాటి నిండా నీరు, తల తిరిగితే నీరు కదులుతుంది, తిరగడం ఆగినా నీరు వెంటనే ఆగదు, అంతే కథ, కళ్లు తిరుగుతున్నాయంటూ గోడ పట్టుకుని వచ్చేవాళ్లకి రోజుకి నాలుగుసార్లు ఆమె చెప్పే ముక్కే ఇది, భయపడకండి, మీరు పడిపోవడం లేదు, పడిపోతున్నట్టు అనిపిస్తోందంతే, వాళ్లు తల ఊపుతారు గానీ కుర్చీ చేతులు మాత్రం వదలరు, ఎందుకు వదలరో మొట్టమొదటిసారి మబ్బులో దూరిన రోజున గాని ఆమెకి తెలిసిరాలేదు, ఇప్పుడు స్టీరింగ్ మీద తన వేళ్లూ అలాగే బిగుసుకున్నాయి, వదులు చెయ్యి, రెండు వేళ్లతో పట్టుకుంటే చాలు, కిటికీల బయట ఏమీ లేదు, పైన లేదు, కింద లేదు, దూది కుక్కిన పెట్టెలో కూర్చున్నట్టు అంతా తెలుపు, పక్క సీట్లో పరీక్షాధికారి, ఆవిడ ఒళ్లో పలక, పలక మీద కాగితం, ఆ కాగితం మీద ఇంకా ఏమీ రాయలేదు, చూడకు, అటు చూడకు, గడియారం చూడు.

పరీక్ష కోసం ఒక్క చుట్టు తిరిగితే సరిపోయేది, ఒక చుట్టు తిప్పించి, సరే పదండి దిగుదాం అనేవారు ఆవిడ, కానీ కిందెక్కడో ఒక చిన్న విమానం దిగుతూ దిగుతూ టైరు పేల్చుకుని రన్‌వే మధ్యలో చతికిలబడిందట, దాన్ని లాగేదాకా ఎవరూ దిగడానికి లేదు, నాలుగు వేల అడుగుల ఎత్తులో ఉండండి, రేడియో స్తంభం మీద చుట్లు తిరుగుతూ హోల్డ్ చేయండి, కుడి మలుపులు, ఎంతసేపో తర్వాత చెబుతాను అని కంట్రోలర్ గొంతు చెప్పింది, రెండు నెలల కిందట ఆమె ఇదే పరీక్షలో, ఇదే ఆవిడ పక్కన, ఇదే హోల్డ్ దగ్గర తప్పింది, ఆవిడ మాత్రం కళ్లజోడు సర్దుకుని, మీకు నేను పెట్టాల్సిన పరీక్ష వాళ్లే పెట్టేశారు మేడమ్, కానివ్వండి అన్నారు, అందులో ఎగతాళి ఉందో జాలి ఉందో పోల్చుకునే తీరిక లేదు, కానివ్వడమే, స్తంభం తల మీదుగా వెళ్లగానే కుడికి తిరగాలి, తిరగడానికి ఒక నిమిషం, వెనక్కి దూరంగా వెళ్లడానికి ఒక నిమిషం, మళ్లీ కుడికి తిరగడానికి ఒక నిమిషం, స్తంభం దగ్గరికి రావడానికి ఒక నిమిషం, పరుగుపందెం మైదానం ఆకారంలో నాలుగు నిమిషాల చుట్టు, చెప్పుకుంటే ఇంతే, చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది, మధ్యలో గాలి అనేది లేకపోతే.

గాలి ఉంది, స్తంభం వైపు వస్తున్నప్పుడు గడియారం ఒక నిమిషం ఇరవై సెకన్లు చూపించింది, అంటే గాలి ఎదురొస్తోంది, పైగా ఎడమ నుంచి కూడా తోస్తోంది, మొదటి చుట్టు అందుకే పొట్లకాయలా సాగింది, ఫర్వాలేదు, మొదటి చుట్టు గాలిని అడగడానికి, రెండో చుట్టు గాలికి జవాబు చెప్పడానికి అంటారు నేల మీది సిమ్యులేటర్‌లో పాఠం చెప్పే నిమిషం సార్, దూరంగా వెళ్లేటప్పుడు నిమిషం కాదు, నలభై ఐదు సెకన్లు చాలు, ముక్కు పదిహేను డిగ్రీలు కుడికి పెట్టుకోవాలి, ఈ లెక్క ఆమెకి పుస్తకంలో ఎక్కలేదు, భోజనాల గదిలో ఎక్కింది, ఆడపడుచు బట్టలు కుడుతుంది, ఆ రోజు చేతిలో ఉన్న దర్జీ సుద్దతోనే నేల మీద ఈ ఆకారం గీసింది, ఈ చివర స్టూలు పెట్టి, ఇదిగో వదినా, ఇది నీ స్తంభం, నడువు అంది, నడవడం ఏముంది, రాత పరీక్షలో నూటికి తొంభై తెచ్చుకున్నాను కదా అని తేలిగ్గా నడిచింది, అప్పుడా పిల్ల టేబుల్ ఫ్యాను తెచ్చి ఎడమవైపు పెట్టి, ఇదిగో గాలి, ఇప్పుడు కళ్లకి గుడ్డ కట్టుకుని నడువు, నేను అంకెలు చెబుతాను అంది, ఫ్యాను గాలి మనిషిని తోసేంత ఏముంటుంది, అయినా ఆ గాలి ఏ చెంపకి తగులుతోందో కనిపెట్టుకుంటూ అడుగులు వేయాలి, మూడుసార్లు గోడ తగిలింది, నాలుగోసారి, వదినా నీ విమానం బీరువాలో దిగింది, ప్రయాణికులు చీరల మధ్య ఉన్నారు అని పడి పడి నవ్వింది, సోఫాలో పేపరు చదువుకుంటున్న భర్త ఆమె వచ్చినప్పుడల్లా కాళ్లు పైకి ఎత్తి, వెళ్లాక దించేవాడు, కొండని అడ్డు తీస్తున్నాను అనేవాడు, మూడు వారాలు ఆ గదిలో ఎవరూ తిన్నగా నడవలేదు, సుద్దగీత చెరిగిపోతుందని తడిగుడ్డ పెట్టనివ్వలేదు ఆ పిల్ల, నలభై ఏళ్ల వయసులో ఇదేం పిచ్చి అని ఒక్కరూ అనలేదు ఆ ఇంట్లో, అనుంటే మానేసేదేమో, అనకపోవడం ఎంత పెద్ద సాయమో అప్పుడు తోచలేదు, ఇప్పుడు, ఈ తెలుపులో, ఇంటికి వెళ్లగానే చెప్పాలి అనిపిస్తోంది, చెప్తే ఆ పిల్ల, చాల్లే వదినా, బ్లౌజుకి హుక్కులు కుట్టిపెట్టు అంటుంది, నలభై మూడు, నలభై నాలుగు, నలభై ఐదు, తిరుగు.

తిరగడం బాగుంది, సూది కదిలినంత మెత్తగా తిరిగింది, స్తంభాన్ని చూపే ముల్లు మధ్యకి వచ్చి ఆగింది, యాభై ఎనిమిది సెకన్లు, పరీక్షాధికారి పెన్ను కదిలింది, మంచికో చెడుకో, ఈ పెన్నే రెండు నెలల కిందట ఎంత వేగంగా కదిలిందని, ఆ రోజు బయట ఎండ, కళ్ల మీద ముందుకు పొడుచుకొచ్చిన టోపీ, బయటిదేమీ కనపడకుండా, స్తంభం దాటగానే ఎటు తిరగాలో మెదడులో ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోయింది, కుడి అన్న మాట అర్థం లేని శబ్దంలా మిగిలింది, ఎడమకి తిప్పింది, తిప్పి దిద్దుకోబోయి ఇంకొంచెం చెడగొట్టింది, కాసేపు చూసి ఆవిడ మెల్లగా, మేడమ్, ఇలాగే ఇంకో రెండు నిమిషాలు వెళ్తే మనం కొండకి నమస్కారం పెట్టాల్సి వస్తుంది, టోపీ తీసేయండి అన్నారు, దిగాక శిక్షకుడు, వయసులో తనకన్నా పదేళ్లు చిన్నవాడు, భుజం తట్టకుండా, కసురుకోకుండా, గొలుసుకి తాళాలు తగిలించుకుంటూ, ఇది అందరికీ రాదు మేడమ్, ఎండలో ఎగరండి, హాయిగా ఉంటుంది అన్నాడు, ఆ మంచి మాట తిట్టుకన్నా లోతుగా దిగింది, చెప్పుల్లో కాళ్లు పెట్టుకోవడం కూడా రాక విమానాల షెడ్డు వెనకకి వెళ్లి నిలబడింది, నిలబడ్డ చోట ఒక తలుపు, తలుపు మీద కాగితం మీద సిమ్యులేటర్ గది అని చేత్తో రాసిన అక్షరాలు, తలుపు తెరుచుకుని నిమిషం సార్ బయటికి వచ్చారు, ఆమె వెనక్కి తగ్గింది.

ఎందుకు తగ్గదు, ఆయన్ని ఆకాశం నుంచి దింపింది తనే కదా, ముప్పై ఏళ్లు పెద్ద విమానాలు నడిపిన మనిషి, రెండేళ్ల కిందట ఒక గురువారం పొద్దున్నే మొదటి నంబరు చీటీతో ఆసుపత్రిలో ఆమె గదికి వచ్చారు, పైలట్ల వైద్య పరీక్ష కాగితం బల్ల మీద పెట్టారు, పాత సర్టిఫికెట్ గడువు ఇంకా ఏడు నెలలు ఉందే అని ఆమె అనుకుంది, పెద్దమనిషి, ముందుజాగ్రత్త కాబోలు, శబ్దం చొరబడని గాజుగదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడగానే మీట నొక్కండి సార్ అంది, మామూలుగా వినపడనివాళ్లు ఆమె చెయ్యి కదలడం చూసి ఊహించి నొక్కేస్తారు, అందుకే చెయ్యి అట్ట వెనక దాచుకుంటుంది, ఆ రోజు ఆ అవసరం పడలేదు, ఆయన తనంతట తనే కళ్లు మూసుకున్నారు, లావు శబ్దాలన్నిటికీ టకటకా నొక్కారు, సన్నని శబ్దాల దగ్గరికి వచ్చేసరికి వేలు మీట మీద అలాగే ఆగిపోయింది, ఆమె శబ్దం పెంచింది, ఇంకా పెంచింది, వేలు కదల్లేదు, మూసుకున్న కళ్లు, ఆగిన వేలు, గాజుకి ఇవతల తను, బయటికి వచ్చాక, ఎలా ఉందమ్మా అని అడిగారు, ఇంతకుముందు రెండు చోట్ల చూపించాను, మీ వయసుకి బాగానే ఉంది సార్ అన్నారు అన్నారాయన, అది వాదనలా వినిపించింది, బతిమాలుతున్నట్టు కూడా వినిపించింది, ఆమె పెన్ను పట్టుకుని కాగితం వైపే చూస్తుంటే, ఉన్నది ఉన్నట్టు రాయండమ్మా అన్నారు, అది ఎత్తిపొడుపు అనుకుంది, ముఖం ఎత్తకుండా రాసింది, సంతకం పెట్టింది, ఆయన కాగితం నాలుగు మడతలు పెట్టుకుని వెళ్లిపోయారు, ఆ తర్వాత చాలా రోజులు ఆకాశంలో విమానం మోత వినపడితే తల ఎత్తి చూడబుద్ధి కాలేదు, తను తప్పు రాయలేదు, నిజమే, అయినా మనసు ఊరుకుంటుందా.

మూడో చుట్టు, ముల్లు మధ్యలో, యాభై తొమ్మిది సెకన్లు, ఎత్తు నాలుగు వేలకి ఇరవై అడుగులు ఎక్కువ, దించు, అంత గట్టిగా కాదు, ఊపిరి వదిలినంత, అదీ, ఇలా చెప్పేది ఆయన గొంతే, ఆ రోజు తలుపు దగ్గర ఆయన ఆమెని గుర్తుపట్టారు, పట్టి, ఏంటి డాక్టరమ్మా, మీరూ మా బడేనా, ఏడుస్తున్నారా, హోల్డా, ఒక్క నిమిషం అని లోపలికి వెళ్లి స్టాప్‌వాచ్ తెచ్చారు, ఒక్క నిమిషం ఒక్క నిమిషం అని మాటకి ముందోసారి వెనకోసారి అంటారు కాబట్టే బడిలో అందరూ ఆ పేరు పెట్టారు, తను డాక్టర్ని కాదని ఎన్నిసార్లు చెప్పినా వినపడనట్టే ఉంటారు, ఆకాశంలోకి వెళ్లే అనుమతి లేదు కాబట్టి నేల మీది ఆ గదిలో పాఠాలు చెప్పుకుంటున్నారు, చెవికి మిషను పెట్టుకుంటారు, కుర్రాళ్లు సాకులు చెప్పడం మొదలుపెడితే అది తీసి జేబులో వేసుకుంటారు, ఆదివారాలు ఆ గదికి సెలవు, తన కోసం ఎనిమిది ఆదివారాలు తాళం తీశారు, పూటకి అయిదు గంటలు, ఆమె లెక్క వేసుకుంది, నలభై గంటలు, ఎందుకింత శ్రమ పడుతున్నారు సార్ అంటే, ఇంట్లో ఉంటే మా ఆవిడ గోడలకి సున్నం వేయమంటుంది అన్నారు, మొదటి ఆదివారమే క్షమాపణ చెప్పేద్దామనుకుంది, సార్, ఆ రోజు ఆసుపత్రిలో అని మొదలుపెట్టగానే, ఒక్క నిమిషం, గాలి ఎటు నుంచి అని అడిగారు, రెండో ఆదివారం సార్, ఆ కాగితం అంది, ఒక్క నిమిషం, ఎత్తు చూసుకోండి, వంద అడుగులు పోయాయి అన్నారు, మూడో ఆదివారం నుంచి మానేసింది, క్షమించేశారు, మాట తేవడం ఇష్టం లేదు, అంత పెద్ద మనసు, తను చెయ్యగలిగింది సరిగ్గా నేర్చుకోవడమే అని సరిపెట్టుకుంది, ఆ పెద్ద మనసు తలుచుకుని సిమ్యులేటర్‌లో ఎన్నిసార్లు కళ్లు మసకబారి ముల్లు కనపడలేదో, అప్పుడు కూడా ఆయన, ఏడవండి ఫర్వాలేదు, ముల్లు చూస్తూ ఏడవండి అనేవారు.

నాలుగో చుట్టులో సగం, దూరంగా వెళ్తోంది, ముప్పై సెకన్లు, ముప్పై ఒకటి, రేడియోలో ఒకరి మీద ఒకరు మాట్లాడుతున్నారు, ఇంకా రెండు విమానాలు వచ్చి ఇక్కడే తిరుగుతున్నట్టున్నాయి, గరగర, ఆ గరగరలోంచి తన విమానం నంబరు, తర్వాత ఏదో, తర్వాత మూడు వేలు, మళ్లీ గరగర, సరిగ్గా అప్పుడే పరీక్షాధికారి పలక మీద కాగితం తిప్పారు, మూడు వేలు అన్నాడు, మూడు వేలకి దిగమన్నాడు, దిగడానికి దారి ఇస్తున్నారన్నమాట, చెయ్యి అప్పటికే ఇంజన్ తగ్గించే పిడి మీదికి వెళ్లింది, మూడు వేలే అన్నాడు, అన్నాడు కదా, అడిగితే, పక్కన ఈవిడ, రెండో పరీక్ష, మాట కూడా వినపడని మనిషి అని రాసుకుంటే, చెవులు పరీక్షించే ఉద్యోగం చేస్తూ ఏమన్నారు మళ్లీ చెప్పండి అని అడగడమా, నవ్వరూ, నలభై సెకన్లు, నిన్న చివరి పాఠం అయ్యాక సిమ్యులేటర్ దీపాలన్నీ ఆర్పేసి చీకటి తెర ముందు కూర్చుని నిమిషం సార్ చెప్పిన మాట, రేపు ఏదైనా సరిగ్గా వినపడకపోతే అడగండి డాక్టరమ్మా, పక్కన ఎవరు కూర్చున్నా సరే, నేనొకసారి అడగలేదు, పిడి మీది చెయ్యి తీసేసింది, బొత్తాం నొక్కింది, సరిగ్గా వినపడలేదు, మళ్లీ చెప్పండి అంది, కంట్రోలర్ గొంతు ఈసారి ఒక్కో మాటా విడదీసి, నాలుగు వేలలోనే ఉండండి, మీ కింద మూడు వేలలో వేరే విమానం తిరుగుతోంది, దిగకండి అంది, నాలుగు వేలలోనే ఉంటాను అని ఆమె తిరిగి చెప్పింది, అడిగి మంచి పని చేశారు అని ఆ గొంతు ఇంకో నంబరు పిలుచుకుంటూ వెళ్లిపోయింది, నలభై ఐదు దాటి నలభై తొమ్మిది, తిరుగు, వెయ్యి అడుగుల కింద, ఇదే తెలుపులో, ఇదే సుద్దగీత మీద ఇంకొకరు, వాళ్ల పక్కన ఎవరు కూర్చున్నారో, పరీక్షాధికారి కిటికీ నుంచి కిందికి చూశారు, తెలుపు తప్ప ఏమీ కనపడదని తెలిసి కూడా చూశారు, తర్వాత కాగితం మీద ఏదో పొడవుగా రాశారు, అదేమిటో తెలుసుకోవాలని ఆమెకి అనిపించలేదు.

నేనొకసారి అడగలేదు అన్నాక ఆయన ఆగలేదు, మిగతాదీ చెప్పారు, ఇలాంటి హోల్డే, పెద్ద విమానం, వెనక నూట పదిమంది, ఏడు వేలలో తిరుగుతుంటే ఆరుకి దిగమన్నారట, ఆయనకి ఐదు అని వినిపించింది, అనుమానం రాకపోలేదు, వచ్చింది, కానీ పక్కన కొత్తగా చేరిన కో-పైలట్, తనదేమో ముప్పై ఏళ్ల సర్వీసు, ఆ మాట మళ్లీ అడగడానికి నోరు రాలేదు, దిగారు, మబ్బు ఒకచోట చిరిగితే ఆ చిరుగులోంచి, తన రెక్క కిందనే, ఇంకొక విమానం, దాని కిటికీలు లెక్కపెట్టవచ్చు డాక్టరమ్మా, ఒక కిటికీలో ఎవరో తల వాల్చి నిద్రపోతున్నారు, పైకి లాగాను, ఎవరికీ ఏమీ కాలేదు, కో-పైలట్‌కి అర్థం కూడా కాలేదు, దిగాక నేనే వెళ్లి పై అధికారులకి చెప్పాను, చెప్పి, ఇంటికి వెళ్లి, రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు, సోమవారం లేచి గడ్డం గీసుకున్నాను అని అక్కడ ఆపేశారు, లేచి సిమ్యులేటర్ గదికి తాళం వేశారు, నిన్న తనకి పరీక్ష తప్ప ఇంకేమీ బుర్రలో లేదు, ఆ సోమవారం తర్వాత ఏం చేశారు సార్ అని అడగనైనా అడగలేదు, ఏం చేశారో తనకే కదా తెలుసు, మొదటి నంబరు చీటీ, గడువు ఏడు నెలలు మిగిలుండగానే, కళ్లు మూసుకుని, ఎవరూ పంపకుండా, రెండు చోట్ల బాగానే ఉంది సార్ అని భుజం తట్టి పంపేస్తే మూడో చోటికి, నిజం రాసే చెయ్యి ఒకటి దొరికేదాకా వెతుక్కుంటూ.

ఐదో చుట్టు, రన్‌వే ఖాళీ అయింది, స్తంభం దాటగానే దిగడం మొదలుపెట్టండి అంది కంట్రోలర్ గొంతు, ఈసారి గరగర లేదు, తిరిగి చెప్పింది, పరీక్షాధికారి పలక ఒళ్లో బోర్లా పెట్టుకుని, బాగా అడిగారు మేడమ్, నాకూ సరిగ్గా వినపడలేదు అన్నారు, ఆ మాట ఎక్కడో తగిలి ఎక్కడికో వెళ్లింది, ముల్లు మధ్యలో ఉంది, గాలి తగ్గింది, వేళ్లు రెండే స్టీరింగ్ మీద ఉన్నాయి, ఇన్నాళ్లూ తను ఆయన్ని నేల మీదికి దింపానని కుమిలిపోయింది, ఆయనేమో మోయలేక మోయలేక తెచ్చిన బరువుని తన బల్ల మీద దించుకుని వెళ్లారు, మిగతావాళ్లు పట్టుకోవడానికి జంకిన బరువు అది, ఉన్నది ఉన్నట్టు రాయండమ్మా అన్నది ఎత్తిపొడుపు కాదు, బతిమాలడమే, ఆ చేతిరాత వల్ల ఎంతమంది ఎన్ని కిటికీల దగ్గర తల వాల్చుకుని నిద్రపోతున్నారో, ఆయన అదే తలుచుకుంటూ సెలవు రోజున తాళం తీసి ఉంటారు, క్షమాపణ మొదలుపెట్టినప్పుడల్లా ఒక్క నిమిషం అని మాట తప్పించింది కూడా అందుకే, క్షమించడానికి అక్కడ ఏమీ లేదు, గడియారం నిమిషం దగ్గరికి వస్తోంది, ముల్లు వణికి వెనక్కి తిరిగింది, స్తంభం దాటింది, ఇంజన్ తగ్గించింది, విమానం తెలుపులోంచి మెల్లగా కిందికి జారసాగింది, ఆమెకి ఏడుపు రాలేదు, చాలా తేటగా ఉంది లోపల, ఎనిమిది ఆదివారాలు, నలభై గంటలు, ఆ చిన్న గదిలో గాలి ఎటు నుంచి అనీ, ఎత్తు చూసుకోండి అనీ, ముల్లు చూస్తూ ఏడవండి అనీ ఆయన చెబుతూ వచ్చినదంతా ఒకటే మాట, థాంక్సమ్మా అని, అది తనకే వినపడలేదు.